ఆకలి తీర్చిన ఒక సంఘము

పాలమూరు సీమకు ఆకలి క్రొత్త చుట్టము గాదు. వానలు మొగము చాటుచేసిన యేట జొన్నచేలు మాడుటయు, కూలిజనము తట్టయు పారయు పట్టి దూరప్రాంతములకు మట్టిపనికి వలసపోవుటయు ఇచ్చటి పెద్దలు కన్నులార చూచినవే. ఇట్టి సీమలోని జడ్చర్లలో 1950 దశకమున మెన్నొనైట్ బ్రదరెన్ అను క్రైస్తవ సమాజమువారు వైద్యశాలను నెలకొల్పిరి. ఆ సమాజమువారి పూర్వులు స్వయముగా కరువు ననుభవించినవారని ఎఱిగినవారు తక్కువ.

మెన్నొనైటులు ఆయుధము పట్టరాదను నియమము గలవారు. వారిలో కొందరు దక్షిణ రష్యాలో, అనగా నేటి ఉక్రెయిన్ భూములలో, గోధుమ పండించుకొని కలిమిగా బ్రతికిరి. ఆ పల్లెలనుండియే అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో మన దేశమునకు వచ్చి, నల్లగొండలో మిషను నెలకొల్పిరి. ఆ పని సాగుటకు అచ్చటి రైతులు చందాలు పంపుచుండిరి.

పిమ్మట మహాయుద్ధము, అంతర్యుద్ధము, దోపిడులు, ధాన్యమును బలవంతముగా లాగికొనుట, వీనికి తోడు 1921 నాటి అనావృష్టి. నల్లగొండకు చందాలు పంపిన పల్లెలే అన్నమునకై చేయి చాపవలసివచ్చెను.

వారి మొఱ విని, అంతవరకు వేర్వేరుగా నున్న అమెరికా మెన్నొనైటు శాఖలు 1920 జులై 27న ఎల్కార్ట్ పట్టణమున సమావేశమైనవి. మెన్నొనైట్ సెంట్రల్ కమిటీ పుట్టుక అది. తొలుత వెడలిన ముగ్గురిలో క్లేటన్ క్రాట్జ్ అను యువకుడు ఆ యేడే అచ్చట బందీయై, మరల ఇల్లు చేరలేదు. అయినను పని ఆగలేదు. జాతిమతభేదము లేక సహాయము చేయవలెనని 1921లో సోవియట్ అధికారులతో ఒడంబడిక కుదిరెను. 1922 మార్చిలో వంటశాలలు తెరువబడినవి. ఆ వేసవిలో దినమునకు సుమారు 40,000 మందికి ఆహార మందెను. గుఱ్ఱములు నశించి దుక్కి నిలిచిపోయిన పల్లెలకు అదే యేట 50 ట్రాక్టరులు పంపిరి. రొట్టె ఆ పూట ఆకలిని తీర్చినది. దుక్కి మరుసటి యేటి గింజకు ఆధారమైనది.

1942లో ఈ సంఘము కలకత్తాకు వచ్చి వంగదేశమున సహాయకార్యము నారంభించెను. నేడును పెక్కు దేశములలో దాని సేవ సాగుచున్నది.

దాతలెవరో, గ్రహీతలెవరో శాశ్వతముగా నిర్ణయింపబడి యుండదు. కావున కరువు వేళ గంజికేంద్రము తెరువబూనువారు రెండు విషయములు ముందే విచారింపవలెను. గంజి పోయుటలో కులమతముల ఊసు లేకుండునా? తొలకరి నాటికి రైతు చేతికి విత్తన మందునా?