జూడో: పడటం నేర్పే విద్య



నగరి, పుత్తూరు, సూళ్ళూరుపేట ప్రాంతాలవారికి మదరాసు టి. నగర్ కొత్త కాదు. ఇంట్లో పెళ్ళి కుదిరితే బట్టలకు రైలెక్కేది అక్కడికే కదా! పార్కు స్టేషనులో బండి మారి, మాంబళంలో దిగి, రంగనాథన్ వీధిలో అడుగు పెట్టగానే జనం తోసుకొస్తారు. బిగుసుకుని నిలబడ్డవాడు తూలిపోతాడు. తోపుకు ఒదిగి, కాస్త పక్కకు తిరిగినవాడు చేతిసంచీ జారకుండా సాగిపోతాడు. ఈనాడు మనం చెప్పుకోబోయే జూడోకు మూలసూత్రం అదే.

జూడో జపాను దేశపు మల్లవిద్య. 'జూ' అంటే మెత్తదనం, 'డో' అంటే మార్గం. జిగోరో కానో అనే ఉపాధ్యాయుడు పాత జుజుత్సు పట్లలోని ప్రమాదకరమైనవాటిని పక్కకు పెట్టి, 1882లో టోక్యోలోని ఒక బౌద్ధాలయంలో ఈ విద్యకు రూపం ఇచ్చాడు. ఆయన పొట్టి మనిషి. ఎదుటివాడి బలాన్నే వాడుకోవడం ఆయనకు అవసరమైంది. అతను తోస్తే మనం లాగాలి, లాగితే తోయాలి. తూకం తప్పిన క్షణంలో ఎంతటివాడినైనా పడవేయవచ్చు.

జూడో పోటీలో గుద్దులు, తన్నులు ఉండవు. ఎదుటివారిని వెల్లకిలా బలంగా పడవేసినా, 20 సెకన్లు నేలకు అదిమి పట్టినా గెలుపే. పట్టు భరించలేనివారు చేత్తో రెండుసార్లు తడితే చాలు, తక్షణం వదిలిపెట్టాలి. ఆ నమ్మకం మీదే ఆట నడుస్తుంది.

"మా అమ్మాయి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటుందేమో" అని తల్లులు భయపడతారు. సహజమే. అందుకే అక్కడ మొదట నేర్పేది పడటం! గడ్డం గుండెకు ఆనించి, వీపు గుండ్రంగా వంచి, అరచేతులతో చాపను చరుస్తూ పడాలి. అప్పుడు తల నేలకు కొట్టుకోదు. దెబ్బ ఒక్కచోటనే తగలకుండా ఒళ్ళంతా పంచుకుంటుంది. తడి గచ్చు మీద కాలు జారిన రోజున కూడా ఈ అలవాటు ఆదుకోవచ్చు.

ఆడపిల్లలకు ఇది తగునా అంటారా? రవీంద్రనాథ్ ఠాగూర్ 1929లోనే జపాను నుంచి తకగాకి అనే గురువును శాంతినికేతనానికి రప్పించారు. అమర్త్యసేన్ తల్లి అమితా సేన్ అక్కడ జూడో నేర్చుకున్నవారే. ఇక 2024 పారిస్ పారాలింపిక్స్‌లో, చూపు సరిగా లేని మన కపిల్ పర్మార్ కాంస్యం గెలిచాడు. ఆ పోటీలో ఒకరి అంగీ ఒకరు పట్టుకున్నాకే ఆట మొదలవుతుంది. ఎదుటివాడి కదలికను చేతులే కనిపెడతాయి.

అయితే ఒక హెచ్చరిక. నేర్పడంలో అజాగ్రత్త వల్ల, తలకు దెబ్బ తగిలి పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు జపానులోనే జరిగాయి. కనుక పుస్తకం చూసి ఇంట్లో సిమెంటు నేల మీద ప్రయత్నించకండి. మీ జిల్లా క్రీడా ప్రాధికార సంస్థలో విచారించండి. చేర్చేముందు ఒక పూట తరగతిని స్వయంగా చూడండి. మెత్తటి చాపలున్నాయా? పడటం నేర్పకుండానే విసరడం నేర్పుతున్నారా? చిన్నపిల్లలకు గొంతు పట్లు నేర్పుతున్నారా? నేర్పుతుంటే మీ బిడ్డను వెనక్కి తీసుకొచ్చేయండి. తలకు దెబ్బ తగిలితే ఆట ఆపి డాక్టరుకు చూపించాలి.

జూడో వస్తే ఎవరితోనైనా తలపడవచ్చని కాదు. ఆపదలో పట్టు విడిపించుకుని పారిపోవడమే తెలివి. కానో తన శిష్యులకు చెప్పిన రెండో సూత్రం, నీ మేలూ ఎదుటివాడి మేలూ కలిసే సాగాలని. మనల్ని పడవేసినవాడే చెయ్యి అందించి లేపే ఆట ఇది. మీ పిల్లల్ని ఒక్కసారి ఆ చాప దాకా తీసుకువెళ్ళండి.