కారు షెడ్డులో బొంతల గది

తెలుగువారి నోట "అతుకుల బొంత" అను మాటకు గౌరవము తక్కువ. పొందిక లేని గ్రంథమును, పొసగని మంత్రివర్గమును, కుదురు లేని వాదమును ఈ ఒక్క మాటతోనే త్రోసివేయుదురు. ఒకరికొకరు సరిపోయిన దంపతులను చూచి "గంతకు తగిన బొంత" అని నవ్వుటయు కలదు. బంధువులు మమ్ము గూర్చియు ఈ మాట పలుమారు అనియున్నారు. మేము దానిని దీవెనగానే స్వీకరించితిమి. ఏలయన మా ఇంట బొంత కుట్టువారొకరు, ఆ కుట్టుపనికి కొలబద్ద పట్టి చోటు కుదిర్చినవారొకరు. వాడుక లేక పడియున్న కారు షెడ్డును మేమిరువురము కలిసి బొంతలు కుట్టు గదిగా మార్చుకొన్న విధమును, అందువలన మాకు తెలిసివచ్చిన సంగతిని నేడు మనవి చేయుదుము.

బొంత యనగా ఏమో పల్లెలలో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. పాత నూలు చీరలను పొరలు పొరలుగా పరచి, అంచులు లోనికి మడిచి, సూది పైకిని క్రిందికిని పోవు సాదా కుట్టుతో అన్ని పొరలను కలిపి కుట్టినది బొంత. ఐదున్నర గజముల చీరను పొడవున మూడు మడతలు వేసినచో ఐదున్నర అడుగుల పొడవు గల మూడు పొరలగును. రెండు చీరలు కలిసిన ఆరు పొరలు. ఇందు దూది యుండనక్కరలేదు. పొరల నడుమ నిలిచిన గాలియే చలిని ఆపును. ఏండ్ల తరబడి ఉతుకగా గంజి వదలి, నూలు మెత్తబడుటచేత పసిబిడ్డ మేనికి దీనికి మించిన పక్క లేదు. బెంగాలీలు దీనిని కాంథా యందురు. "కంథ" యను సంస్కృత పదమే అది. బీహారున ఇది సుజని, కన్నడదేశమున కౌది, మహారాష్ట్రమున గోధడి. పేర్లు వేరైనను, పాత చీర, సూది, ఇల్లాలి తీరిక సమయము - ఈ మూడును అంతటను ఒక్కటే.

తీరిక సమయము అంటిమి గాని, నిజమునకు బొంతకు తీరికకంటె ముందు చోటు కావలెను. ఆరు పొరలు ముడుత లేకుండ పరచుటకు ఏడడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు గల నేల కావలెను. చుట్టును తిరుగుటకు మరికొంత కావలెను. అంత చోటు ఇంటిలో ఉన్నది నడిమి హాలు ఒక్కటే. అచటనే భోజనములు, అచటనే అతిథులు, అచటనే పిల్లల చదువులు. పదిగంటలకు పరచిన బొంతను పండ్రెండు గంటలకు చుట్టి మూలనుంచవలెను. చుట్టిన ప్రతిసారి పొరలు జరుగును. మరల పరచినప్పుడు సగము సేపు వానిని సరిచేయుటకే చెల్లును.

మాలో ఒకరికి తల్లియు, ఒకరికి అత్తగారును అయిన పెద్దావిడ 2011లో కాలము చేసిరి. వారు కట్టిన నూలు చీరలు పదునాలుగు మిగిలినవి. రెండేసి చీరలతో ఏడు బొంతలు కుట్టి, ఏడుగురు మనుమలకు మనుమరాండ్రకు ఇవ్వవలెనని ఇరువురము అనుకొంటిమి. ఎనిమిది సంవత్సరములలో పూర్తియైనవి రెండు మాత్రమే. చేతిలో నేర్పు లేక కాదు, మనసు లేక కాదు. పరచిన పనిని పరచినట్లుంచు చోటు లేక.

2019లో మా పాత అంబాసడరు కారును అమ్మివేసితిమి. పది అడుగుల వెడల్పు, పదునెనిమిది అడుగుల పొడవు గల షెడ్డు ఖాళీ అయ్యెను. అది వీథి ప్రక్కనే యుండుటచేత, దానికి ఇనుప షట్టరు వేసి దుకాణమునకు ఇచ్చినచో నెలనెల అద్దె ఇత్తునని ఒక వర్తకుడు వచ్చి అడిగెను. పింఛనుతో గడచు సంసారమునకు అద్దె యనునది చిన్న విషయము కాదు. "అద్దె వచ్చు చోటును అతుకుల బొంతకు ఇత్తురా?" అని దగ్గరివారే అనిరి. మేము పది దినములు ఆలోచించితిమి. తుదకు మాలో ఉద్యోగము చేసి విరమించినవారు ఇట్లనిరి: "నేను ముప్పది నాలుగేండ్లు కచేరీలో పనిచేసితిని. భోజనవేళ అయినది, నీ బల్ల మడిచి మూలబెట్టుమని నన్నెవరును అనలేదు." ఆ మాటతో లెక్క తేలెను. వర్తకునకు వేరొక చోటు చూచుకొమ్మని చెప్పితిమి.

ఇక పని. కారు షెడ్డు నేల వంటింటి నేల వంటిది కాదు. ఏండ్ల తరబడి ఇంజను నూనె ఇంకిన సిమెంటు అది. దానిపై తెల్లగుడ్డ పరచినచో మరునాటికి మచ్చ తేలును. మొదట రంపపు పొట్టు చల్లి, రెండు దినములుంచి ఊడ్చితిమి. పిదప వేడినీటిలో చాకలిసోడా కలిపి గట్టి చీపురుతో రుద్ది కడిగితిమి. ఐనను లోనికి దిగిన నూనె పూర్తిగా వదలదు. కనుక పాత నేలకు గంట్లు కొట్టించి, పైన బేతంచర్ల నాపరాళ్లు పరపించితిమి. షెడ్డు నేల నీరు జారుటకై వీథివైపు వాలుగా నుండును. రాళ్లు పరచునప్పుడే ఆ వాలు సరిచేసి, వాననీరు లోనికి రాకుండ వాకిట నాలుగంగుళముల గడప కట్టించితిమి. గోడకు నేలకు నడుమనున్న సందులను సిమెంటుతో పూడ్పించితిమి. గుడ్డకు తేమ ఒక శత్రువు, చెదలు రెండవ శత్రువు. రెండును నేలనుండియే వచ్చును.

పైకప్పు సిమెంటు రేకులు. ఇట్టి పాత రేకులలో ఆస్బెస్టాసు నార యుండును. వానిని కోసినను, రంధ్రములు వేసినను రేగు పొడి ఊపిరితిత్తులకు తీరని హాని చేయును. అందుచేత వానిని కదల్పక, పైన తెల్లని సున్నము మాత్రము నీళ్లవలె పోయించి ఆరనిచ్చితిమి. లోపల రేకులకు మూరెడు క్రిందుగా గోడనుండి గోడకు దూలములు వేయించి, వానిపై వెదురు తడకలు పరపించితిమి. బొంత పొరల నడుమ గాలి చలిని ఆపినట్లే, ఈ రెండు కప్పుల నడుమ గాలి ఎండ వేడిమిని కొంత ఆపుచున్నది.

కుట్టుపనికి వెలుతురు ప్రాణము. తూర్పు పడమర కిటికీల ఎండ కంటికి గ్రుచ్చుకొనును. గుడ్డ రంగును కూడ వెలవెల బోగొట్టును. ఉత్తరపు వెలుతురు నిలుకడైనది. అందుచేత ఉత్తరపు గోడను తొలిపించి నాలుగడుగుల కిటికీ పెట్టించితిమి. ఐతే మా ఊరు గోదావరి ఒడ్డున, 17వ అక్షాంశమునకు చేరువలో ఉన్నది. మే నెల రెండవ వారము మొదలు ఆగస్టు తొలి దినముల వరకు మధ్యాహ్న సూర్యుడు మాకు నడినెత్తికి ఉత్తరముగా నడచును. ఆ మూడు నెలల ఎండకై కిటికీపై చూరు ఒకటి దింపించితిమి. రాత్రివేళకు రెండు గొట్టపు దీపములను చెరియొక ప్రక్క అమర్చితిమి. ఒకే దీపమైనచో చేతి నీడ సూదిపై పడును.

పూర్వము బొంతను నేలపై కూర్చుండి కుట్టెడివారు. అరువది దాటిన మోకాళ్లు అందుకు ఒప్పుకొనవు. కత్తిరించు పనికి నిలుచుండి చేయుటకు మూడడుగుల ఎత్తు బల్ల, కుట్టు పనికి ఒక కొయ్య చట్రము చేయించితిమి. రెండు పొడుగు కర్రలకు బొంత రెండు అంచులను తగిలించి, అడ్డకర్రలతో బిగించి, కుట్టినంతవరకు చుట్టుకొనుచు పోవుటయే దాని కీలకము. చట్రమును త్రాళ్లతోను కప్పీలతోను దూలములకు వ్రేలాడదీసితిమి. పని లేనప్పుడు పైకి లాగినచో క్రింద నడవవచ్చును. అమెరికా పల్లె ఇండ్లలో ఇట్లు చట్రమును పైనుండి దింపుకొని కుట్టుట పూర్వమునుండి కలదు. ఉయ్యాలబల్ల వ్రేలాడిన ఇండ్లలో పెరిగిన మనకు ఇది ఏమంత వింత?

గుడ్డలు పెట్టు అరల వద్ద మాకిరువురకు వాదము వచ్చెను. కొలత పట్టినవారు అరలన్నియు ఒకే కొలతతో చేసి, అంకెలు వేసి, పట్టిక వ్రాసి తగిలింపవలెననిరి. కుట్టువారు గుడ్డలు కంటికి కనబడవలెననియు, మెత్తనివి ఒకచోట, రంగు వదలునవి ఒకచోట, పట్టును పాలియస్టరును వేరొకచోట ఉండవలెననియు అనిరి. అందుకు కారణము కలదు. నూలును పాలియస్టరును కలిపి కుట్టినచో ఉతుకునప్పుడు ఒకటి కుదియును, ఒకటి కుదియదు. బొంత ముడుతలు పడును. ఎర్రని చీరను చేర్చుటకు ముందు తడిసిన తెల్లగుడ్డతో అద్ది, రంగు వదలునో లేదో చూడవలెను. వాదము సాగగా సాగగా అసలు ప్రశ్న బయటపడెను: గది ఎవరిది? పని చేయువారిది. ఆ మీదట రెండు నియమములు పెట్టుకొంటిమి. సగములో నిలిచిన పనిని ఊడ్చుటకైనను ఎవరును కదల్పరాదు. సాయము చేయువారు పిలిచినప్పుడు వచ్చి రెండవ చెరగు పట్టుకొనవలెను. ఐదున్నర గజముల చీరను ముడుత లేకుండ పరచుటకు ఇద్దరు కావలెను. ఎటు జరుపవలెనో చెప్పుటకు మాత్రము ఒక్కరే చాలును.

"బొంతకు గదియా?" యని అడిగినవారికి మేమొక దూరదేశపు సంగతి చెప్పుచుందుము. అమెరికాలో అలబామా నది వంపున గీస్ బెండ్ అను పల్లె కలదు. బానిసల సంతతివారైన నల్లజాతి స్త్రీలు అచట చలికి ఓర్వలేక పాత పనిబట్టల పేలికలతో తరతరములుగా బొంతలు కుట్టుచు వచ్చిరి. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అను సహకార సంఘము స్థాపించుకొనిరి. 1969లో తమకొక కుట్టుభవనము కట్టుకొనిరి. 2002లో హ్యూస్టన్ నగరపు లలితకళల మ్యూజియము గీస్ బెండ్ బొంతలను చిత్రపటములవలె గోడలకెక్కించెను. 2006లో అమెరికా తపాలాశాఖ వానిపై పది తపాలాబిళ్లలు వెలువరించెను. మ్యూజియము గోడకంటె, తపాలాబిళ్లకంటె, ఆ 1969 నాటి కుట్టుభవనమే మాకు గొప్పగా తోచును. లోకము మెచ్చుకొనుటకు ముప్పది మూడేండ్ల ముందే వారు తమ పనికి తామే ఒక కప్పు వేసికొనిరి.

మా గది 2020 జనవరిలో సిద్ధమయ్యెను. మిగిలిన ఐదు బొంతలు మరుసటి సంవత్సరము దసరాకు ముగిసినవి. ఎనిమిది సంవత్సరములలో రెండు కుట్టిన చేతులే రెండు సంవత్సరములలోపల ఐదు కుట్టినవి. నేర్పు పెరుగలేదు, సూది మారలేదు, చోటు దొరకెను.

మా వీథిలో ఇంటింటికి తిరిగి బొంతలు కుట్టిపెట్టు ఒక స్త్రీ కలదు. అరుగుల మీద, చెట్ల క్రింద కూర్చుండి కుట్టుట ఆమెకు అలవాటు. పొద్దు వాలగానే మూట కట్టవలసినదే. మూలలు తిరుగు కుట్టు నేర్చుకొనుటకై ఆమెను కూలి యిచ్చి పిలిచితిమి. మొదటి సాయంకాలము సూది గుడ్డకు గ్రుచ్చి, లేచి, ఆమె అడిగినది ఒక్కటే: "అమ్మా, రేపు నేను వచ్చేదాకా దీన్ని ఇట్లాగే ఉంచవచ్చా?" ఉంచవచ్చునంటిమి. ఆమె ఆ పరచియున్న బొంతను కొంతసేపు చూచి, వట్టి చేతులతో ఇంటికి పోయెను. అంతకుముందెన్నడును ఆమె మూట లేకుండ ఇంటికి పోవుటను మేము చూచియుండలేదు.

అందరి ఇండ్లలోను షెడ్డు ఉండదు. మెట్ల క్రింది చోటు చాలవచ్చును. వసారాలో ఒక మూల చాలవచ్చును. గోడకు కీలుతో బిగించిన పలక ఒకటి చాలవచ్చును. అది బొంతకే కానక్కరలేదు. వీణకు కావచ్చును, చదువునకు కావచ్చును. పూటపూటకు ఎత్తివేయవలసిన పనిని ఇల్లు పనిగా ఎంచదు. రాత్రి దీపమార్పినను ఉన్నచోట ఉండగల పనినే ఎంచును. మీ ఇంట ఎవరి పని పూటపూటకు మూట కట్టబడుచున్నదో ఒకసారి కనిపెట్టి చూడుడు. వారికి మెచ్చుకోలు మాటలు పిదప చెప్పవచ్చును. ముందు రెండవ చెరగు పట్టుకొని, ఎచట పరచవలెనో వారినే అడుగుడు.