బళ్లారి రాఘవ నుంచి జయప్రకాష్ రెడ్డి దాకా: నటుడికి దక్కిన గుర్తింపు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో నటన గురించిన చర్చ బళ్లారి రాఘవతో మొదలవుతుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆ రోజున ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. జిల్లాలు విడిపోయినా నాటక సంప్రదాయం మాత్రం రెండు వైపులా ఒక్కటిగానే నిలిచింది.

రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టారు. వృత్తి వకీలు పని, ప్రాణం నాటకం. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో స్థాపించిన సరస వినోదిని సభ ఆ ఊరి నాటకానికి పునాది వేసింది. పద్యం పాడి చప్పట్లు కొట్టించుకునే అలవాటు బలంగా ఉన్న కాలంలో రాఘవ పాత్ర మనసును, సహజమైన మాటను ముందుకు తెచ్చారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టారు. 'ద్రౌపదీ మానసంరక్షణం' (1936), 'రైతుబిడ్డ' (1939) చిత్రాల్లో నటించి 1946లో కన్నుమూశారు. జాతీయ పురస్కారాలు ఇంకా పుట్టని రోజులవి. ఆయన పేరిట పురస్కారం, తపాలా బిళ్ల ఆ తర్వాత వచ్చాయి.

వ్యవస్థగా పురస్కారాలు స్వాతంత్ర్యం తర్వాత ఏర్పడ్డాయి. కేంద్ర సంగీత నాటక అకాడమీ 1953లో ప్రారంభమైంది. మరుసటి ఏడాది జాతీయ చలనచిత్ర పురస్కారాలు, పద్మ పురస్కారాలు మొదలయ్యాయి. స్త్రీ పాత్రలకు పేరెన్నికగన్న స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ లభించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964 నుంచి సినిమాలకు నంది పురస్కారాలు ఇవ్వసాగింది. ఆ బహుమతికి రూపమిచ్చింది రాయలసీమలోని లేపాక్షి బసవన్న. టెలివిజన్‌కూ, నాటకానికీ నంది పురస్కారాలు తర్వాత వచ్చాయి.

మూడు రంగాల్లో తీర్పు ఒకే తీరుగా జరగదు. సినిమాను, సీరియల్‌ను న్యాయనిర్ణేతలు ఎన్నిసార్లైనా చూడగలరు. నాటకం ప్రదర్శించిన రాత్రితోనే ముగుస్తుంది. అందుకే రంగస్థల నటుడి గుర్తింపు పరిషత్తు పోటీల మీద, ప్రేక్షకుల జ్ఞాపకం మీద ఆధారపడి ఉంటుంది. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఈ పోటీ సంప్రదాయాన్ని పెంచింది. తిరునాళ్లలో, జాతరల్లో పౌరాణిక నాటకాలాడే నటులు చాలామంది ఆ పోటీల దాకా రారు. వారి పేర్లు ఏ జాబితాలోనూ కనిపించవు.

నాటకం, సినిమా రెండింటిలోనూ పేరు తెచ్చుకున్న రాయలసీమ నటుడు జయప్రకాష్ రెడ్డి. 1946లో నాటి కర్నూలు జిల్లా సిరివెళ్లలో పుట్టిన ఆయన లెక్కల మాస్టారుగా పని చేస్తూ నాటకాలాడారు. రంగస్థలం మీద ఆయన నటన చూసిన దాసరి నారాయణరావు నిర్మాత రామానాయుడికి చెప్పారు. అలా 'బ్రహ్మపుత్రుడు' (1988)తో సినిమాల్లోకి వచ్చారు. 'ప్రేమించుకుందాం రా' (1997), 'సమరసింహారెడ్డి' (1999) చిత్రాల్లో కర్నూలు మాండలికాన్ని ఇంటింటికీ చేర్చారు. 'జయం మనదేరా' (2000)లో ప్రతినాయక పాత్రకు నంది అందుకున్నారు. సినిమా పేరు తెచ్చాక కూడా వేదికను వదలలేదు. 'అలెగ్జాండర్' అనే ఏకపాత్ర నాటకాన్ని ఒక్కరే వేదికంతా నింపి ఆడారు. 2020 సెప్టెంబరు 8న గుంటూరులో మరణించారు.

రాఘవ, జయప్రకాష్ రెడ్డి జీవితాలు చెప్పే విషయం ఒకటే. పురస్కారం ఒక పాత్రకో, ఒక ఏడాదికో దక్కుతుంది. నటుడి కృషి మాత్రం వేదిక, తెర, టీవీ అన్నింటినీ కలుపుకొని సాగుతుంది. రాఘవ నటనను తర్వాతి తరాలకు చేర్చినవి అప్పటి సమీక్షలు, చూసినవారి రాతలే. కాబట్టి ఆదోని, ఎమ్మిగనూరు నాటక సమాజాలు కరపత్రాలను, ఫొటోలను, పాత్రధారుల పేర్లను, ప్రదర్శన తేదీలను భద్రపరచడం అవసరం. నేటి ప్రదర్శనలను వీడియో తీసి దాచాలి. అలాంటి ఆధారాలుంటేనే ఊళ్లలోని రంగస్థల నటుల కృషి కూడా న్యాయనిర్ణేతల దృష్టికి వస్తుంది.