తళతళలాడిన నీళ్లు

ఈ ఉదయం మీతో చేపల సంగతి ఒకటి చెప్పాలని ఆశపడుతున్నాను. గలిలయ సముద్రపు చేపలు కావు. మా ఇంట్లో అద్దాల తొట్టిలో ఉన్న ఆరు గోల్డ్‌ఫిష్‌ల సంగతి.

మేము బదిలీ మీద కొత్త సంఘానికి వచ్చినప్పుడు, పెద్దలలో ఒకరు మా అబ్బాయికి మూడడుగుల అక్వేరియం బహుమానంగా ఇచ్చారు. పాత తొట్టి చిన్నది, పైగా నాచు పట్టినది. అందులో ఏదీ కొత్తదానిలోకి రాకూడదని నా పట్టుదల. పాత గులకరాళ్లు పారబోశాను. ఫిల్టరులోని స్పాంజిని కొళాయి కింద పిండి పిండి కడిగి ఎండలో ఆరవేశాను. కొత్త నీళ్లు నింపి, రెండు రోజులు ఆగి, ఆరు చేపలనూ ఒక్కసారే వదిలాను. నీళ్లు ఎంత తళతళలాడాయో! వచ్చినవారందరికీ చూపించుకున్నాను కూడా.

మూడవ రోజుకు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచి రొప్పసాగాయి. వారం తిరిగేసరికి నాలుగు చచ్చి తేలాయి.

"ఎందుకు చచ్చిపోయాయి నాన్నా?" అని పిల్లవాడు ఏడుస్తూ అడిగాడు. "దేవుని చిత్తం బాబూ" అన్నాను. సెమినరీలో వేదాంతం చదివినవాణ్ణి. నోటికి అదే తేలికగా వచ్చింది.

మిగిలిన రెండింటికి మందు కోసం చేపల దుకాణానికి వెళ్లాను. ఆయన మందు ఇవ్వలేదు. "అయ్యగారూ, పాత స్పాంజి ఏం చేశారు?" అని అడిగాడు. శుభ్రంగా కడిగానని గర్వంగానే చెప్పాను. "అయితే చేపలను కాపాడేవాటిని మీరే కడిగేశారు" అన్నాడు.

ప్రియులారా, గమనించండి. చేపల విసర్జనలోనుండి, కుళ్లిన మేతలోనుండి అమ్మోనియా పుడుతుంది. అది మొప్పలను కాలుస్తుంది. ఒక రకం బాక్టీరియా దానిని నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే, రక్తం ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. మరొక రకం దానిని నైట్రేటుగా మారుస్తుంది. దానితో అంత హాని లేదు, అప్పుడప్పుడు కొంత నీరు మార్చితే చాలు. ఈ బాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండేది తక్కువ. స్పాంజిని, గులకరాళ్లను అంటిపెట్టుకొని ఉంటుంది. నేను మురికి అనుకున్నది అదే. కొత్త తొట్టిలో అది మళ్లీ పెరగడానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. అంతవరకు నీళ్లు ఎంత తేటగా ఉన్నా అందులో విషముండవచ్చు, కంటికి కనబడదు.

మీ ఇంట్లో తొట్టి మార్చవలసివస్తే పాత స్పాంజిని ఆరనివ్వకండి. పాత తొట్టి నీళ్లలోనే తడిగా ఉంచి కొత్తదానిలో పెట్టండి. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ముందు దానిని విరిచే మందు వేయండి. చేపలను ఒకటి రెండుగా వదలండి. మేత తగ్గించండి.

నాకు ఇంకొక పని మిగిలింది. ఇంటికి వెళ్లి పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, "అది దేవుని చిత్తం కాదు బాబూ. నాకు తెలియక చేసిన తప్పు. దానిని ఆయన మీద వేశాను" అన్నాను. చెప్పడం కష్టమైంది. ఎన్ని ఇళ్లలో, ఎన్ని సమాధుల దగ్గర ఆ మాట తొందరపడి అన్నానో అప్పుడు జ్ఞాపకానికి వచ్చింది.

వాడు కాసేపు నన్నే చూశాడు. "మరి మిగిలిన రెండూ?" అన్నాడు.

"రోజూ పావు వంతు నీళ్లు తీసి, అన్నే మంచివి పోయాలట" అన్నాను.

వాడు లేచి బకెట్టు తెచ్చాడు.