ఒకే జాబితా, ఒకే పెట్టె
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మతాలు, కులాలు, భాషలు అనేకం ఉన్న సమాజంలో రాజకీయం ఎలా నడవాలన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పండితుణ్ణి కాను. తాలూకా ఆఫీసులోనూ, తరువాత మండలాఫీసులోనూ గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. అందుచేత నాకు తెలిసిన కాగితంతోనే మొదలుపెడతాను. అది ఓటర్ల జాబితా.

అందులో పేరుంటుంది, తండ్రి పేరో భర్త పేరో ఉంటుంది, ఇంటి నెంబరు, వయస్సు ఉంటాయి. కులం గడి లేదు. మతం గడి లేదు. ఇది యాదృచ్ఛికం కాదు. ప్రతి నియోజకవర్గానికీ ఒకే సాధారణ జాబితా ఉండాలని, మత, కుల, లింగ భేదాల వల్ల ఎవరినీ తప్పించరాదని మన రాజ్యాంగం 325వ అధికరణం శాసించింది.

అంతకు ముందు అలా లేదు. 1909 సంస్కరణలతో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు వచ్చాయి. ఆ సీటుకు వారే అభ్యర్థులు, వారే ఓటర్లు. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని మాక్డోనాల్డ్ ఆ పద్ధతిని దళితులకు కూడా ప్రకటించాడు. గాంధీగారు ఎరవాడ జైలులో నిరాహారదీక్ష పట్టారు. సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక కుదిరింది. ప్రత్యేక జాబితా పోయి, ఉమ్మడి జాబితాలో రిజర్వుడు సీట్లు వచ్చాయి.

ఇక్కడ అంబేద్కర్ గారి వాదన మరువకూడదు. ఉమ్మడి ఓటులో అధిక సంఖ్యాకులకు నచ్చినవాడే మా ప్రతినిధి అవుతాడు గాని, మాకు కావలసినవాడు కాడు అన్నది ఆయన భయం. ఆ భయానికి ఆధారం ఉంది, నేటికీ ఉంది. అయినా వేరు జాబితాలో ఇంకో నష్టం ఉంది. పక్క వీధి ఓటు అక్కరలేని నాయకుడికి పక్క వీధి కష్టమూ అక్కరలేదు.

మన ప్రాంతపు ఉదాహరణ ఒకటి మనవి చేస్తాను. 1957 ఎన్నికల నాటికి నేను పసివాణ్ణి. తరువాత ఆఫీసులో సీనియర్లు చెప్పగా విన్నాను. పార్వతీపురం అప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలోనిదే. అది ఇద్దరు సభ్యుల లోక్‌సభ నియోజకవర్గం. ఒకటి జనరల్ సీటు, ఒకటి గిరిజనులది. ఓటరుకు రెండు ఓట్లు. కేంద్రంలో కార్మిక మంత్రిగా చేసిన వి.వి. గిరిగారు జనరల్ సీటుకు నిలిచారు. తీరా లెక్కపెడితే ఇద్దరు గిరిజన అభ్యర్థులకే ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఒకరు రిజర్వుడు సీటుకు, డిప్పల సూరిదొర జనరల్ సీటుకు ఎన్నికయ్యారు. గిరిగారు కోర్టుకు వెళ్లారు. రిజర్వేషన్ ఉన్నంతమాత్రాన జనరల్ సీటుకు గిరిజనుడు అనర్హుడు కాడని 1959లో సుప్రీంకోర్టు తేల్చింది. 1961 చట్టంతో ఇద్దరు సభ్యుల పద్ధతి రద్దయింది. గిరిగారు 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఓటర్ల జాబితాలు వేరువేరుగా ఉంటే సూరిదొర గెలుపు సాధ్యమయ్యేదా?

లెబనాన్ దేశం సంగతి చూడండి. అక్కడ 1943 ఒప్పందం ప్రకారం అధ్యక్షుడు మారొనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, స్పీకరు షియా. శాసనసభ సీట్లు కూడా మతాలవారీ పంపకమే. అది ముందు కొంత శాంతినిచ్చింది. కాని వాటాలు గట్టిపడిపోయాయి. 1932 తరువాత అక్కడ అధికారికంగా జనాభా లెక్కలే తీయలేదు. లెక్క తేలితే వాటా మారాలి కదా! 1975 నుంచి 1990 దాకా అంతర్యుద్ధం సాగింది. 1989 తాయిఫ్ ఒప్పందం క్రైస్తవులకు, ముస్లింలకు సమాన సీట్లిచ్చింది. వాటాల పద్ధతి మాత్రం పోలేదు.

మనకు అలాంటి ఒప్పందం లేదు గాని, పెన్సిలు ఉంది. ఎన్నికలు రాగానే పార్టీల కార్యకర్తలు మన జాబితా నకలు తీసుకుని, పేరు పక్కన కులం గుర్తు పెట్టుకుంటారు. రాజ్యాంగం తీసివేసిన గడిని వీరు మళ్లీ గీస్తున్నారు. మతం, కులం, భాష పేరు చెప్పి ఓటడగడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం అవినీతి చర్య. అభ్యర్థి కులమే కాదు, ఓటరు కులం పేరు చెప్పినా అంతేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నాలుగు ముగ్గురు తేడాతో చెప్పింది. చట్టం ఉంది. పెన్సిలూ ఉంది.

దీనివల్ల నష్టమేమంటారా? కులం పద్దు కింద అడిగితే కుల భవనం వస్తుంది. నీటి పైపు రావాలంటే అన్ని వీధులూ కలిసి అడగాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన కొబ్బరి, జీడి తోటలను పడగొట్టినప్పుడు ఏ తోట ఎవరిదని చూడలేదు. ఉద్దానం కిడ్నీ జబ్బూ అంతే. హిరమండలం నీళ్ల పథకం, పలాస కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయంటే, ఆ కష్టం ఒక కులానిది కాదు, ఉద్దానానిది అని అందరూ అడగబట్టే.

మన సంఘంలోనూ అన్ని కులాలవారూ ఉన్నాం. డి.ఏ. బకాయి అడిగేటప్పుడు ఎవరం కులం చెప్పుకోం. ఆ తెలివి ఓటు దగ్గరా ఉంచుదాం. మనింటికి వచ్చే ప్రతి అభ్యర్థినీ, "మా వాళ్లకేం చేస్తావు బాబూ" అని కాక, "ఆ వీధి వాళ్లకేం చేస్తావు" అని అడుగుదాం. జవాబు చెప్పగలిగినవాడికే ఓటేద్దాం. మనవళ్లకూ అదే చెబుదాం.