యజమాని ఎవరన్నది రెండో ప్రశ్న

ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు ప్రభుత్వ కొలువుల్లో చేరతారు, కొందరు ప్రైవేటు కంపెనీల్లో. ప్రభుత్వ సంస్థలంటే నిర్లక్ష్యమనీ, ప్రైవేటంటే దోపిడీ అనీ మన దగ్గర వాదన ఏళ్లుగా నడుస్తోంది. యజమాని ఎవరన్నది రెండో ప్రశ్న అని నా నమ్మకం. ఆ సంస్థతో పని పడ్డ మనిషికి నచ్చకపోతే వేరే దారి ఉందా, అది లేనప్పుడు నిలదీసే వీలైనా ఉందా అన్నది మొదటి ప్రశ్న.

ఫోను సంగతే చూడండి. 1991 నాటికి మన దేశంలో నూరుమందికి ఒక్క ఫోను కూడా లేదు. దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. పెద్ద డిపాజిట్ కట్టగలిగినవాళ్లకు ఓవైటీ (ఓన్ యువర్ టెలిఫోన్) పేరుతో వేరే వరస ఉండేది. ప్రభుత్వ టెలిఫోన్ శాఖ ఉద్యోగులు పనిచేయక కాదు, విసిగిపోయిన మనిషి వెళ్లడానికి ఇంకో చోటు లేకపోవడం వల్లే ఆ పరిస్థితి సాగింది. 1994 టెలికాం విధానంతో ప్రైవేటుకు తలుపులు తెరిచారు. కానీ మొబైల్‌కు మొదట్లో సర్కిల్‌కు రెండేసి కంపెనీలే. మనకు వచ్చిన కాల్‌కు కూడా మనమే డబ్బు కట్టాం. 2002లో ప్రభుత్వ సంస్థ బీఎస్‌ఎన్‌ఎల్ మొబైల్ సేవల్లోకి దిగింది, అదే కాలంలో కొత్త ప్రైవేటు కంపెనీలూ వచ్చాయి. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. 2024 జూలైలో మూడు పెద్ద ప్రైవేటు కంపెనీలు ఒకటి రెండు రోజుల తేడాతో రీచార్జి ధరలు పెంచినప్పుడు లక్షల మంది తమ నంబరుతోనే బీఎస్‌ఎన్‌ఎల్‌కు మారారు. ఒకప్పుడు జనాన్ని వరసలో నిలబెట్టిన ప్రభుత్వ రంగమే, పోటీలో నిలిచాక, జనానికి వేరే దారి అయింది.

అలాగైతే అన్నిచోట్లా పోటీ పెడితే చాలదా అని అడగవచ్చు. చాలదు. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద రాత్రిపూట ప్రైవేటు ట్రావెల్స్ బస్సులు బారులు తీరతాయి. కూరగాయల గంపలతో, బస్సు పాసులున్న పిల్లలతో తెల్లవారుజామునే బయల్దేరే ఆర్టీసీ పల్లెవెలుగు రూటు కోసం ఆ ట్రావెల్స్‌వాళ్లు ఎగబడరు. అక్కడ కిలోమీటరుకు వచ్చే రాబడి డీజిల్‌కూ జీతాలకూ సరిపోదు. షేర్ ఆటోలు వస్తాయి, కానీ నిండితేనే కదులుతాయి. బస్సు సీట్లు ఖాళీగా ఉన్నా టైముకు కదులుతుంది. పరీక్షకు వెళ్లే అమ్మాయికి, డయాలసిస్‌కు వెళ్లే పెద్దాయనకు కావలసింది ఆ భరోసాయే.

మరి ఆ నష్టాన్ని పన్ను కట్టేవాళ్లు ఎందుకు మోయాలి? ఇది న్యాయమైన అభ్యంతరం. నష్టాల్లో రెండు రకాలున్నాయి: సేవ చేసినందుకు వచ్చినవి, చేతగానితనం వల్ల వచ్చినవి. రెండూ ఒకే పద్దులో కలిసిపోతే చేతగానితనం సేవ చాటున దాక్కుంటుంది. 2023 డిసెంబరులో తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక, అలా ప్రయాణించే ప్రతి మహిళకూ కండక్టరు జీరో టికెట్ ఇచ్చే పద్ధతి వచ్చింది. డబ్బు తీసుకోకపోయినా టికెట్ ఎందుకంటే, ఆ ఛార్జీని ఆర్టీసీ ప్రభుత్వం నుంచి రాబట్టుకోవాలి కాబట్టి. ప్రజల కోసం పెట్టిన ఖర్చును ఇలా లెక్కగట్టి, ఆ బాకీని ప్రభుత్వం ఆలస్యం లేకుండా తీర్చాలి. ఆ తర్వాత మిగిలిన నష్టానికి డిపో నుంచి ప్రధాన కార్యాలయం దాకా యాజమాన్యం జవాబు చెప్పాలి. మా ఊరి ట్రిప్పు ఎందుకు రద్దు చేశారని 2005 సమాచార హక్కు చట్టం కింద ఏ పౌరుడైనా ప్రభుత్వ సంస్థను అడగవచ్చు. ప్రైవేటు కంపెనీని అలా నేరుగా అడిగే హక్కు ఆ చట్టంలో లేదు. పోటీ లేనిచోట ఈ హక్కే మన ఆయుధం.

అందుకే మీరు ఎటువైపు ఉద్యోగం చేసినా ఒక్కటి కోరుతున్నాను. ప్రభుత్వ సంస్థను అమ్మాలన్నా, నిలబెట్టాలన్నా, ముందు ఆ సేవ మీదే ఆధారపడ్డ మనిషి లెక్క తీయండి. అధికారం మీ చేతికి వచ్చిన రోజున ఆ మనిషికి వేరే దారి చూపండి. చూపలేకపోతే, అడిగినప్పుడు జవాబు చెప్పండి.