పాత కేసు బరువెంత?
(యువజన శిక్షణ శిబిరంలో మాట్లాడిన మాటలు)



నేరం రుజువయ్యాక జడ్జి ముందు ఒక్క ప్రశ్నే ఉంటది: ఎన్నేళ్లు వేయాలి? అప్పుడు ఆ మనిషి పాత రికార్డు బయటికొస్తది. ఆ రికార్డు ఎట్లా తయారైందో ఎవరన్నా అడుగుతున్నారా? ఇదే ఈరోజు నా మాట.

అమెరికా ఆదివాసుల సంగతి చూడండి. 1885 చట్టం వల్ల, తెగల రిజర్వేషన్లలో ఆదివాసులు చేసిన హత్య, తీవ్రమైన దాడి వంటి నేరాలు ఫెడరల్ కోర్టుకు పోతాయి. అక్కడ పాత శిక్షలకు పాయింట్లు వేస్తారు. 13 నెలలు దాటిన జైలుకు 3, కనీసం 60 రోజులదైతే 2, చిన్నవాటికి 1. పాయింట్లు పెరిగితే జైలు కాలం పెరుగుతది. అయితే 2005లో సుప్రీంకోర్టు ఈ మార్గదర్శకాలు సలహా మాత్రమేనని చెప్పింది. జడ్జి వాటిని దాటి ఎక్కువ శిక్ష వేయొచ్చు. కానీ ఎంత ఎక్కువ వేస్తే అంత గట్టి కారణం చూపాలి.

తెగల కోర్టులు వేసిన శిక్షలకు పాయింట్లు లేవు. కానీ పాయింట్లు అసలు చరిత్రను తక్కువ చేసి చూపుతున్నాయని జడ్జి అనుకుంటే, ఆ శిక్షలనే చూపి పైకి పోవచ్చు. ముందు నుంచి రానివ్వని లెక్క దొడ్డిదారిన వచ్చింది! తెగ కోర్టులో ఏడాది లోపు శిక్షైతే, పేదవాడికి ఉచితంగా లాయరును ఇచ్చి తీరాలని ఫెడరల్ చట్టం చెప్పదు.

ఇంకో వైపూ ఉంది. ఇంట్లో ఆడవాళ్లను పదేపదే కొట్టినవాడి కేసులో, లాయరు లేకుండా పడ్డ తెగ కోర్టు శిక్షలనూ లెక్కలోకి తీసుకోవచ్చని 2016లో అదే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. "మా తెగ కోర్టు తీర్పుకు విలువ లేదా?" అని దెబ్బలు తిన్న అక్క అడిగితే మనమేం చెప్తాం?

అందుకే 2018లో మార్గదర్శకాల్లో కొన్ని ప్రశ్నలు చేర్చారు. లాయరు ఉన్నాడా? విచారణ సక్రమంగా జరిగిందా? తమ తీర్పులను లెక్కించాలని ఆ తెగే కోరిందా? ఉత్త అరెస్టును చూపి శిక్ష పెంచకూడదన్న నియమం అప్పటికే ఉండేది.

ఇక మన దగ్గరికి వద్దాం. 1871 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పుట్టుకనే నేరచరిత్ర చేసింది. ఆ చట్టం పోయింది, అనుమానపు చూపు పోలేదు. మన దేశంలో పాయింట్ల పట్టిక లేదు గానీ పాత శిక్షకు బరువుంది. పాత శిక్ష లేనివాళ్లను కొన్ని కేసుల్లో జైలుకు పంపకుండా సత్ప్రవర్తన హామీ మీద వదలొచ్చని బీఎన్ఎస్ఎస్ 401వ సెక్షన్ చెప్తోంది. పోడు కేసులో కోర్టు చుట్టూ తిరగలేక "తప్పు ఒప్పుకుని ఫైన్ కడితే పోద్ది" అనుకుంటాం. ఫైన్ రశీదుతో కేసు పోద్ది, శిక్ష రికార్డులో ఉంటది.

తమ్ముడూ, సంతకం చేసే ముందు లాయరును అడుగు. 1987 చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. అది దయ కాదు, హక్కు. ఊరికి పోయాక ఈ ఒక్క మాటన్నా పదిమందికి చెప్పండి.